‘డౌట్’ అంటే అనుమానమేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మూడు నెలలుగా రోజుకు పది ఇంగ్లీషు మాటల చొప్పున నోటు పుస్తకంలో ఎక్కిస్తున్నాను. ఎడమవైపు మాట, కుడివైపు తెలుగు అర్థం. రాత్రి పడుకునే ముందు కుడివైపు చేత్తో మూసి నాకు నేనే అప్పజెప్పుకుంటాను. ‘డౌట్: అనుమానం, సందేహం’ మొదటి వారంలోనే వచ్చేసింది. కిందటి సోమవారం ఆఫీసులో ఒక ఫైలులోని అంకెలు తేడాగా కనిపించాయి. ఎవరో మార్చారని అనుమానం వచ్చి, లండన్‌లో ఉన్న సహోద్యోగికి ‘ఐ డౌట్ సమ్‌వన్ చేంజ్‌డ్ ద ఫైల్’ అని రాశాను. ఆవిడ ‘సరే, అయితే ఫైలు జోలికి వెళ్ళను’ అని జవాబిచ్చి, ఒక పూటంతా వేరేచోట వెతికింది. నేను చెప్పినదానికి సరిగ్గా ఎదురు అర్థం ఆవిడకు ఎలా తట్టింది? తప్పు నిఘంటువుదా, నాదా?

జవాబు:
నిఘంటువుది కాదండీ. మీదీ సగమే. మిగతా సగం మన ‘అనుమానం’ది.

‘ఐ డౌట్’ అని ఒక సంగతి చెబితే, ఆ సంగతి నిజం కాదనే వైపు మీ మనసు ఉన్నట్టు. ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అన్నవాడు గొడుగు ఇంట్లో వదిలేసి వస్తాడు. డౌట్ తీసేసి ‘సస్పెక్ట్’ పెట్టినవాడు గొడుగు చంకన పెట్టుకుని వస్తాడు. మీరు గొడుగు తెచ్చుకుని కూడా, తెచ్చుకోనివాడి మాట మాట్లాడారు.

తెలుగులో ఈ రెండింటికీ అనుమానమే వాడతాం, అయినా తికమక పడం. ఎందుకో చూడండి. ‘వాడు వచ్చాడని నా అనుమానం.’ ‘వాడు వస్తాడా అని నా అనుమానం.’ మొదటి వాక్యంలో మనసు ‘వచ్చాడు’ వైపు మొగ్గింది, రెండోదానిలో ‘రాడు’ వైపు. ఆ మొగ్గు అనుమానం అనే మాటలో లేదు, ‘వస్తాడా’ చివర ఉన్న చిన్న ‘ఆ’లో ఉంది. మనం ప్రత్యయంతో చేయించే పనిని ఇంగ్లీషు క్రియకు అప్పగించింది. అందుకని మీకు తెలుగులో తట్టిన వాక్యంలో ‘ఆ అని’ వస్తే డౌట్, ఉత్త ‘అని’ వస్తే సస్పెక్ట్. ఇది అన్నిచోట్లా నిలిచే సూత్రం కాదు కానీ ఆఫీసు ఉత్తరాలకు సరిపోతుంది.

ఇక నాకు ఇష్టమైన భాగం. తర్కం గిట్టనివారు ఈ పేరా దాటేయవచ్చు. సంస్కృతంలో అనుమానం అంటే శంక కాదు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, చెప్పే నాలుగు ప్రమాణాల్లో (ఒక సంగతిని తెలుసుకునే దారుల్లో) అది ఒకటి. కొండ మీద పొగ కనిపిస్తోంది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది: ఇదీ వాళ్ళ అనుమానం. ఆనవాలు పట్టుకుని ‘ఉంది’ అనే వైపు నడవడం. శంకకు వాళ్ళు వాడే మాట సంశయం. మసక వెలుతురులో దూరంగా నిలబడ్డది మోడా, మనిషా? రెండు కొసలూ సమానంగా లాగుతాయి. డౌట్‌కు మూలమైన లాటిన్ మాటకూ ఆ భాషలోని ‘రెండు’తోనే చుట్టరికం. మోడా మనిషా అన్నది డౌట్, పొగను చూసి నిప్పు ఉందనుకోవడం సస్పెక్ట్. మీ పుస్తకంలో ‘డౌట్: సంశయం’ అని ఉంటే ఆవిడకు ఆ పూట మిగిలేదేమో.

ఆ పుస్తకం గురించే ఇంకో మాట. ఎవరైనా కొత్త మాట పలికితే మన పండితులు ‘ప్రయోగం ఉందా?’ అని నిలదీసేవారు. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం తిరగేస్తే, అర్థాల పక్కన కావ్యాల నుంచి ఏరిన పద్యపు ముక్కలు కనిపిస్తాయి. తెలుగు మాటకు ప్రయోగం అడిగే మనం, ఇంగ్లీషు మాటకు మాత్రం అమరకోశం వల్లించినట్టు ఒక పర్యాయపదం దొరికితే చాలనుకుంటాం. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన హార్న్‌బీ, పరాయి భాషల విద్యార్థుల కోసం మరో ఇద్దరితో కలిసి నిఘంటువు తయారుచేశాడు. 1942లో టోక్యోలో అచ్చయిన ఆ పుస్తకాన్ని 1948లో ఆక్స్‌ఫర్డ్ వారు మళ్ళీ వేశారు. ఏ క్రియ తర్వాత వాక్యం ఎలా నడుస్తుందో చూపించడమే దాని గొప్ప. 1987 నాటి కోబిల్డ్ అనే ఇంగ్లీషు నిఘంటువు అయితే అర్థాన్నే పూర్తి వాక్యంగా రాసింది.

కాబట్టి కుడివైపున అర్థానికి బదులు రెండు వాక్యాలు రాయండి. నిఘంటువు నుంచి ఒకటి, మీ ఇంటి గొడవో ఆఫీసు గొడవో ఒకటి. రోజుకు పది వద్దు, మూడు చాలు.

ఒక సభ్యురాలు:
మరి తరగతిలో ‘సార్, ఒక డౌట్’ అని చేయెత్తుతాం కదా, అదీ తప్పేనా? మా అమ్మాయి అమెరికాలో అలా అంటే, ‘నేను చెప్పింది నమ్మలేదా’ అన్నట్టు చూశారట ప్రొఫెసరు గారు.

జవాబు:
ఇక్కడ తప్పనను అమ్మా. మనకు సందేహం అంటే అడగవలసిన ప్రశ్న కూడా. పత్రికల్లో ‘సందేహాలు, సమాధానాలు’ అని శీర్షికలే ఉంటాయి. స్పానిష్ వారు తమ ‘దూద’ను ఇలాగే వాడతారు, ఇంగ్లీషుకు వచ్చేసరికి వాళ్ళకూ ఇదే చిక్కు. అమ్మాయిని అక్కడ ‘క్వశ్చన్’ అనమనండి.

ఇంకొకరు:
మాస్టారూ, మీ గొడుగు సిద్ధాంతం ఎడిన్‌బరోలో చెల్లదు. నేను అక్కడ నాలుగేళ్ళు ఉన్నాను. పక్కింటి పెద్దాయన ఆకాశం చూసి ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అన్నాడంటే వాన వస్తుందని. నేను గొడుగు వదిలేసి రెండుసార్లు తడిశాను.

జవాబు:
ఒప్పుకున్నాను. కొన్ని వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషులో డౌట్‌కు ‘అలా జరుగుతుందేమో అని భయపడు’ అనే అర్థం ఉండేది. మిగతాచోట్ల అది అడుగంటింది, స్కాట్లాండులో మిగిలింది. మన మిత్రుడి సహోద్యోగి గ్లాస్గో పెద్దావిడ అయి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఈ రాత్రి రాసుకున్నవి ఇవి. ‘ఐ సస్పెక్ట్ సమ్‌వన్ చేంజ్‌డ్ ద ఫైల్.’ ‘ఐ డౌట్ షి విల్ ట్రస్ట్ మై ఈమెయిల్స్ అగైన్.’ రెండోది సరిగ్గా ఉందా?

జవాబు:
వాక్యం ఒప్పు. అందులోని సంగతి తప్పు కావాలని కోరుకుంటున్నాను.