ఆంక్షలు వద్దంటే యుద్ధం చేసేవాడికి వంత పాడినట్టేనా?

బ్రాడీపేట_రెండోలైను:
అందరికీ నమస్తే. గుంటూరులో యుద్ధ వ్యతిరేక సభ పెట్టుకుంటున్నాం, కరపత్రం రాసే పని నా మీద పడింది. "రష్యా, ఇరాన్, క్యూబాల మీద ఆంక్షలు ఎత్తేయాలి" అని ఒక లైను, "ఇజ్రాయెల్‌కి ఆయుధాలు ఆపాలి" అని ఇంకో లైను రాశాను. చదివిన ఫ్రెండు అక్కడే పట్టుకున్నాడు, ఒకడి మీద తప్పయింది ఇంకొకడి మీద ఒప్పు ఎలా అవుతుంది, మీకు గిట్టని దేశమైతే సరిపోతుందా అని. సభకి వచ్చేవాళ్ళలో చాలామంది ఇదే అడుగుతారు కాబట్టి జవాబు కరపత్రంలోనే ఉండాలని నా ఉద్దేశం. ఇంకోటి, మన దేశం ఏ సైనిక కూటమిలోనూ చేరకూడదని మొదట్నుంచీ అంటున్నాం కదా, అంటే ఎవరు ఎవర్ని చంపుతున్నా నోరు విప్పకూడదనా? దీన్ని మామూలు జనానికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

లెనిన్‌సెంటర్_పాతపుస్తకాలు:
తమ్ముడూ, ఆ రెండు లైన్లూ ఉండాల్సిందే, కాకపోతే వాటి మధ్య తేడా ఏంటో నువ్వు రాయలేదు. తుపాకులు అమ్మనని చెప్పడం వేరు, ఒక దేశం మొత్తానికి మందులు, నీళ్ళలో కలిపే క్లోరిన్, పంపుసెట్ల విడిభాగాలు అందకుండా చేయడం వేరు. ఇరాక్ సంగతి చూడు. అది కువైట్‌ని ఆక్రమించిందని 1990 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 661వ తీర్మానంతో దాదాపు అన్ని వ్యాపారాలూ ఆపేశారు. ఆ దేశం తినే తిండిలో ఎక్కువ భాగం బయటినుంచి వచ్చేదే. మరుసటి ఏడాది యుద్ధంలో అమెరికా కూటమి వేసిన బాంబులతో కరెంటు ప్లాంట్లు, నీటి శుద్ధి కేంద్రాలు పాడైపోయాయి, వాటిని బాగుచేసుకోవడానికి కావాల్సిన సామాన్లేమో ఆంక్షల కమిటీ దగ్గర ఆగిపోయేవి, ఇవి సైన్యానికి కూడా పనికొస్తాయి అని. చమురు అమ్మి తిండి కొనుక్కోనిచ్చే పథకం సరుకు కదిలేసరికి 1996 అయిపోయి 1997 వచ్చింది. అక్కడ ఐక్యరాజ్యసమితి సహాయ కార్యక్రమాన్ని నడిపిన డెనిస్ హాలిడే 1998లో రాజీనామా చేశాడు, ఆయన తర్వాత వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లో రాజీనామా చేశాడు. ఇద్దరూ చెప్పిన కారణం ఒకటే, ఈ ఆంక్షలు జనాన్ని చంపుతున్నాయని. ఇంతా చేస్తే ఇరాక్ పాలకుడు సద్దాం 2003 దాకా కుర్చీలోనే ఉన్నాడు. పైగా రేషన్ ఆయన చేతిలో ఉండడంతో జనం ఇంకా ఆయన గుప్పిట్లోకే వెళ్ళారు.

అయితే ఒకటి గుర్తుపెట్టుకో, అయిదు లక్షల మంది పిల్లలు చనిపోయారన్న పాత అంకెని కరపత్రంలో వేయొద్దు. తర్వాత జరిగిన పరిశోధనల్లో అది నిలబడలేదు. మన వాదనకి అది అక్కర్లేదు కూడా.

సత్యనారాయణపురం_అక్క:
పాతపుస్తకాలు గారూ, మీరు రాసిన ఇరాక్ చరిత్రతో నాకు పేచీ లేదు. నా పేచీ కరపత్రంతో. రష్యా మీద ఆంక్షలు ఎత్తేయాలని మొదటి లైనులోనే ఉంది, రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి చొరబడిందన్న మాట ఎక్కడుంది? మా తమ్ముడు అప్పుడు అక్కడి వినిత్సియా ఊళ్ళో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. బాంబులు మొదలయ్యాక పిల్లలంతా బస్సు మాట్లాడుకుని రొమేనియా బోర్డరుకి బయల్దేరారు, ట్రాఫిక్ వల్ల బస్సు చాలా దూరంలోనే ఆగిపోతే మంచులో సూట్‌కేసులు ఈడ్చుకుంటూ నడిచారు. బయల్దేరే ముందు హాస్టల్లో వంట చేసే పెద్దావిడ ఉడకబెట్టిన బంగాళాదుంపలు, రొట్టె కట్టలు కట్టి ఒక్కొక్కరి బ్యాగులో పెట్టిందట. ఆవిడ కొడుకుని అప్పటికే సైన్యంలోకి పిలిచేశారు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, ఫోను మోగితే టెన్షన్, మోగకపోతే ఇంకా టెన్షన్. మనవాళ్ళ విమానం వచ్చింది, మా వాడు ఇంటికొచ్చేశాడు. ఆవిడ ఎక్కడికి పోతుంది? అమెరికా సైనిక కూటమి నాటో తూర్పుకి, రష్యా వైపు జరుగుతూ వచ్చిందన్న మాట నిజమే, నేనూ చాలాసార్లు చెప్పాను, కానీ ఆ మాటతో ఆవిడ ఇంటిమీద పడ్డ బాంబుకి సమాధానం దొరకదు. ఆంక్షలు వద్దు, ఆయుధాలూ వద్దు అంటున్నాం కదా, మరి చొరబడినవాణ్ణి ఆపేది ఏంటో కూడా లెఫ్ట్‌లో ఉన్న మనమే చెప్పాలి.

కైకలూరు_వెనామీ:
అక్క అడిగిన దానికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు గానీ ఆంక్షల బరువు ఎవరి మీద పడుతుందో మా రొయ్యల చెరువుల దగ్గరికొస్తే కనిపిస్తుంది. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతం చేసింది, అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకు వేసిన జరిమానా, దాన్ని 2026 ఫిబ్రవరిలో గానీ ఎత్తేయలేదు. రొయ్యకి మరీ చౌకగా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం లాంటివి దాని మీద అదనం. ఆ చమురుని శుద్ధి చేసి లాభం చేసుకున్నది గుజరాత్ తీరంలో రిఫైనరీలున్న పెద్ద కంపెనీలు, దెబ్బ తగిలింది చెరువు గట్టు మీద ఉన్నవాడికి. ఇక్కడ కౌంటు రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన ఇచ్చే ధర) తగ్గించేశారు, మేత రేటు మాత్రం తగ్గలేదు, పట్టుబడి వాయిదా వేద్దామంటే రొయ్యకి తెల్లమచ్చ రోగం వస్తుందన్న భయం. పీలింగ్ షెడ్లలో ఆడవాళ్ళు తల తీసి పొట్టు ఒలిచినందుకు కిలోల లెక్కన కూలి తీసుకుంటారు, లోడు రాకపోతే ఐసు నీళ్ళ పక్కన మధ్యాహ్నం దాకా కూర్చుని ఉత్త చేతులతో ఆటో ఎక్కుతారు. పుతిన్‌కి వాళ్ళెవరో తెలీదు, వాళ్ళకి పుతిన్ ఎవరో తెలీదు.

చౌక చమురు చౌక చమురు అని అంత ప్రచారం చేశారు, విజయవాడ బంకులో లీటరు పెట్రోలు 110 అటూ ఇటూనే ఉండిపోయింది. ఇది కూడా కరపత్రంలో రాయండి అన్నా, ఎందుకంటే రష్యా చమురు కొనడమే ఏదో స్వతంత్ర విదేశాంగ విధానమన్నట్టు చెబుతున్నారు, ఆ స్వతంత్రం ఫలం జనానికి అందలేదు.

లెనిన్‌సెంటర్_పాతపుస్తకాలు:
అమ్మా, నువ్వు చెప్పింది సబబే, రష్యా చేసింది దురాక్రమణే అని కరపత్రంలో సూటిగా ఉండాలి. ఇక తేడా ఎక్కడుందో చెబుతాను. తెల్లవాళ్ళ జాతి వివక్ష పాలన నడిచిన రోజుల్లో దక్షిణాఫ్రికా మీద ఆంక్షలు కావాలని అడిగింది అక్కడి నల్లజాతి ప్రజలే. 1959లో వాళ్ళ నాయకుడు ఆల్బర్ట్ లుథూలీ మా దేశపు సరుకు కొనకండి, మాకు కష్టమైనా ఫరవాలేదు అన్న ధోరణిలోనే బయటి ప్రపంచాన్ని అడిగాడు. మనమైతే అంతకుముందే, 1946లోనే, స్వాతంత్ర్యం కూడా రాకముందు ఆ దేశంతో వ్యాపారం తెంచుకున్నాం, మన ఎగుమతుల్లో 5 శాతం దాకా అక్కడికే వెళ్ళే రోజుల్లో. పాలస్తీనా పౌర సంఘాలు కూడా ఇజ్రాయెల్ విషయంలో 2005 నుంచి అలాగే అడుగుతున్నాయి. ఇరాక్ తల్లులెవరూ మాకు క్లోరిన్ ఆపండని అడగలేదు. క్యూబా వాళ్ళూ అడగలేదు, 1962 నుంచి అమెరికా దిగ్బంధం నడుస్తూనే ఉంది, దాన్ని ఎత్తేయమని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1992 నుంచి ఇంచుమించు ఏటా తీర్మానిస్తోంది, మనం ఓటేస్తూనే ఉన్నాం. అదే 1992లో సీపీఎం నాయకుడు సుర్జీత్ గారి చొరవతో ఇక్కడి జనం దగ్గర పోగుచేసి పది వేల టన్నుల గోధుమలు క్యూబాకి పంపారు, అప్పటి పీవీ ప్రభుత్వం కూడా తన వంతు గోధుమలు కలిపింది. పీవీ ఆర్థిక విధానాల మీద మనం రోడ్డెక్కుతున్న కాలం అది, అయినా ఆ పని జరిగింది.

నోరు విప్పకూడదా అని అడిగావు కదా తమ్ముడూ. కూటమిలో చేరకపోవడం అంటే మన నేల మీద వేరే దేశం స్థావరం ఉండకూడదు, వాళ్ళ యుద్ధానికి మన కుర్రాళ్ళు వెళ్ళకూడదు, అంతవరకే. కొరియా యుద్ధానికి మనం పోరాడే సైన్యాన్ని పంపలేదు, వైద్య దళాన్ని పంపాం. 1956లో సూయజ్ కాలువ కోసం బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ఈజిప్టు మీద పడితే నెహ్రూ గట్టిగా మాట్లాడాడు, అదే ఏడాది సోవియట్ సైన్యం హంగరీలోకి దిగితే ఆలస్యంగా, మెత్తగా మాట్లాడాడు, ఆ విమర్శ న్యాయమైనదే. ఇప్పుడు జరుగుతున్నది దానికి తలకిందులు. 2016లో లెమోవా ఒప్పందం చేసుకుని అమెరికా యుద్ధనౌకలకి ఇంధనం, మరమ్మతులు మన రేవుల్లో ఇవ్వడానికి దారి తెరిచారు, గాజాలో కాల్పులు ఆపమన్న తీర్మానం ఐక్యరాజ్యసమితిలో వస్తే 2023 అక్టోబరులోనూ 2025 జూన్‌లోనూ ఓటు వేయకుండా తప్పుకున్నారు. మాట్లాడాల్సిన చోట మౌనం, దూరంగా ఉండాల్సిన చోట ఒప్పందం.

బ్రాడీపేట_రెండోలైను:
చాలా థాంక్స్ అందరికీ. మళ్ళీ రాశాను, చూడండి. "ఉక్రెయిన్ నుంచి రష్యా సైన్యం వెనక్కి వెళ్ళాలి. యుద్ధం చేస్తున్న ఏ ప్రభుత్వానికీ మన దేశం నుంచి ఆయుధాలు, డ్రోన్లు, విడిభాగాలు వెళ్ళకూడదు. తిండి, మందులు, ఎరువులు, వాటి డబ్బు చెల్లింపులు ఏ దేశానికీ ఆపకూడదు. లెమోవా రద్దు కావాలి." పీలింగ్ షెడ్ల సంగతి వెనక పేజీలో వేస్తాను.

సత్యనారాయణపురం_అక్క:
ఇది బాగుంది. ఇంకో లైను కలపండి, రెండు వైపులా సైన్యంలో చేరనని పారిపోయి వస్తున్న కుర్రాళ్ళకి ఆశ్రయం ఇవ్వాలని. మన కుర్రాళ్ళని ఉద్యోగాలని చెప్పి తీసుకెళ్ళి రష్యా సైన్యంలో పెట్టారు, హైదరాబాద్ కుర్రాడు ఒకడు 2024లో అక్కడే చనిపోయాడు. మిగిలినవాళ్ళని వెనక్కి తెప్పించమన్న డిమాండు కూడా పెడితే మా వీధిలో నేనే పంచుతాను, ఒక వంద కాపీలు పక్కన పెట్టండి.