2017 టొయోటా 86: హెడర్ కూడా మార్చాలా, ట్యూన్ ఒక్కటే చాలా?

డాలస్‌లో ఉంటాను. కారు 2017 టొయోటా 86, ఆరు గేర్ల మాన్యువల్, 61,000 మైళ్లు తిరిగింది. టర్బో లేని 2.0 లీటర్ల బాక్సర్ ఇంజన్, 205 హార్స్‌పవర్. పై ఆర్‌పీఎమ్‌లో పవర్ నాకు చాలు. ఇబ్బందల్లా 3,200 నుంచి 4,500 ఆర్‌పీఎమ్ మధ్య టార్క్ (ఇంజన్ లాగే బలం) పడిపోవడమే. మూడో గేర్‌లో ఓవర్‌టేక్ చేద్దామని తొక్కితే ఎవరో వెనక్కి పట్టి లాగినట్టుంటుంది, 4,600 దాటాక మళ్లీ దూకుతుంది.

ఎయిర్ ఫిల్టర్ మార్చాను, చప్పుడు పెరిగింది అంతే. 93 ఆక్టేన్ పెట్రోలు తప్ప పోయడం లేదు. తర్వాత క్యాట్-బ్యాక్ ఎగ్జాస్ట్ (పొగ గొట్టంలో సైలెన్సర్‌తో సహా వెనక భాగం) వేయించాను, అది నా తొందరపాటే. ఇప్పుడు ఆరో గేర్‌లో 70 మైళ్ల వేగంతో వెళ్తుంటే, 3,100 దగ్గర కారంతా బుయ్‌మని మోగుతోంది. పక్క సీట్లో మా ఆవిడ చెవులు మూసుకుంటోంది. టార్క్ సంగతి మాత్రం ఎక్కడిదక్కడే.

ఫ్యాక్టరీ హెడర్‌లోనే (ఇంజన్ నుంచి పొగను బయటికి తెచ్చే మొదటి గొట్టాలు) మొదటి క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే క్యాట్) ఉంది. ఏటా ఎమిషన్ టెస్ట్ పాసవ్వాలి కాబట్టి క్యాట్ లేని హెడర్ నాకొద్దు.

ఇదే కారున్నవాళ్లు చెప్పండి: ఆ మధ్య రేంజ్ గుంట పూడాలంటే 93 ఆక్టేన్ ట్యూన్ (ఆ పెట్రోలుకు తగ్గట్టు ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) ఒక్కటే సరిపోతుందా, దానితోపాటు క్యాట్ ఉన్న హెడర్ కూడా వేయించాల్సిందేనా?