‘మదీయాస్యగంధము’: తకారమా, దకారమా?

శిల్పారాధకుడు: న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న చోళుల నాటి కంచు యశోద ఫొటో చూస్తున్నాను. 12వ శతాబ్దపు పోత అది. పసివాణ్ణి పొదివి పట్టుకొని చన్నిస్తున్న తల్లి. చూస్తుండగానే, మన్ను తిన్నావన్న నిందకు బాలకృష్ణుడు యశోదకు జవాబు చెప్పే పోతన భాగవత పద్యం ‘అమ్మా! మన్ను దినంగ’ నోటికి వచ్చింది గాని, చివరి పాదంలో నాలుక తడబడింది. మా ఇంట్లో ‘మదీయాస్యగం / ధమ్మాఘ్రాణము జేసి నా వచనముల్ తప్పైన దండింపవే’ (నా ఆస్యపు వాసన చూసి, నా మాటలు తప్పైతే దండించు) అని చదివేవారు. ‘దప్పైన’ అనాలా? ఇంతకూ ఇక్కడ ఆస్యమంటే నోరా, మొగమా?

శార్దూలప్రియ: సందేహమే లేదు, ‘దప్పైన’. పాదం ‘ధమ్మాఘ్రాణము’ అని మొదలవుతున్నది గనుక, 13వ అక్షరంగా దకారం ఉంటేనే యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, చెల్లుతుంది.

గ్రాంథికుడు: త, థ, ద, ధలు నాలుగూ పరస్పరం యతిమైత్రి కలవే కాబట్టి మీ సాక్షి రెండు పక్షాలకూ చెల్లుతాడు. ‘వచనముల్’ ప్రథమావిభక్తి, దాని మీది పరుషానికి గసడదవాదేశం వస్తుంది, అంటే క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లవుతాయి; అయితే వ్యాకరణకర్త చిన్నయసూరి దాన్ని బహుళమన్నాడు, అంటే ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు. వారింటి పాఠాన్ని తప్పనడానికి వీలు లేదు.

శార్దూలప్రియ: బహుళమన్న మాట దొరికితే ఏ పాఠాన్నైనా గట్టెక్కించవచ్చు. ‘దప్పైన దండింపవే’ అని పైకి చదివి చూడండి, పోతన చెవి ఎటు మొగ్గిందో తెలుస్తుంది.

బమ్మెరవాసి: ఒక్క హల్లు కోసం పెనుగులాడుతూ, దానికి ముందున్న ‘ఆఘ్రాణము’ను దాటిపోతున్నారు. సంస్కృత భాగవతంలో వ్యాసుడి బాలుడు ‘సమక్షం పశ్య మే ముఖమ్’ అన్నాడు, అంటే ఎదురుగా నా నోరు చూడమన్నాడు. పోతన ఆ చూపును తీసివేసి వాసన పెట్టాడు. మన్ను తిన్నాడో లేదో తెలుసుకోవడానికి తల్లి తన మొగాన్ని బిడ్డ పెదవుల దాకా వంచాలి. మూలంలో లేని ఆ దగ్గరితనం పోతన సొంతం. ‘ముద్దుగారే యశోద’ అన్న అన్నమయ్య కూడా బిడ్డను ముంగిటి ముత్యంగానే నిలిపాడు, ఇంత చేరువకు తేలేదు.

గ్రాంథికుడు: నాకు అందులో చనువు కన్నా గడుసుతనమే కనిపిస్తుంది. వాసన చూడమంటే నోరు పూర్తిగా తెరవనక్కర లేదు కదా!

బమ్మెరవాసి: తరువాతి వచనంలో తెరిచే చూపాడుగా, ఆమెకు అందులో బ్రహ్మాండమే కనిపించింది. అందుకే ‘కలయో! వైష్ణవ మాయయో!’ పద్యంలో ఆమె ‘యశోదాదేవిఁ గానో’ అని తనను తానే శంకించుకుంటుంది. బ్రహ్మాండం కనిపించినందుకు కాదు, తాను తల్లినన్న ఎరుక సడలినందుకు నాకు ఆ మాట దగ్గర ఎప్పుడూ గొంతు పట్టుకుంటుంది.

శిల్పారాధకుడు: ఆస్యం సంగతి ఎవరూ చెప్పలేదు. ‘వక్త్రాస్యే వదనం తుండమ్’ అని అమరకోశం, ఆ సంస్కృత నిఘంటువు, అన్నిటినీ ఒకే గాటన కట్టింది. కంచు బొమ్మలో ఆ నోరు చన్ను పట్టి ఉన్నది గనుక నేను నోరనే తీసుకుంటాను. ఇంకొకటి తోచింది: ‘నమ్మం జూడకు వీరి మాటలు’ అని ముందే ‘చూడకు’ అన్నవాడు, తరువాత వాసన చూడమనడం కావాలని చేసిన చమత్కారమేమో?

గ్రాంథికుడు: అది ప్రయత్నార్థకమండీ, నమ్మే ప్రయత్నం చేయకని. ‘చేయఁజూచు’ వంటిది. అక్కడ కన్నూ లేదు, చూపూ లేదు.

శార్దూలప్రియ: ఉన్నదనే నా పక్షం. దకారం మాట మాత్రం ఇంకా తేలలేదు.