సగం మోడల్ సముద్రంలో ఉంటే ఒమేగా ఎలా రాబట్టాలి?

భీమిలి_జియో: మా ల్యాబ్‌లో పాత అనలాగ్ స్టీరియో ప్లాటర్ (రెండు విమాన ఫోటోలను కలిపి చూస్తూ నేలను త్రీడీ మోడల్‌గా కొలిచే యంత్రం) ఉంది. ఎక్స్, వై, జెడ్ కదలికలకు ఎన్‌కోడర్లు బిగించి కంప్యూటర్‌కు కలిపాం. శిక్షణకిచ్చిన పాత ఫోటోల జత, 23 సెం.మీ. సైజు, కెమెరా ఫోకల్ లెంగ్త్ 152 మి.మీ. భీమిలి తీరం వెంబడి తీసినవి కావడంతో రెండు ఫోటోలను ఒకదానితో ఒకటి సరిపెట్టడానికి చూసే ఆరు గ్రూబర్ పాయింట్లలో (1, 2 బేస్ మీద, అంటే రెండు కెమెరా స్థానాలను కలిపే గీత మీద; 3, 4 దానికి ఒక పక్క; 5, 6 రెండో పక్క) 5, 6 నీళ్లలో పడ్డాయి. మిగతా పాయింట్లతో లీస్ట్ స్క్వేర్స్ (పొరపాట్లను వీలైనంత తగ్గించే లెక్క) వేస్తే ఒమేగా (ఫోటో పక్కకు వాలిన కోణం) ప్రతిసారీ వేరేగా వస్తోంది. తప్పు ప్రోగ్రామ్‌దా, మా కొలతలదా?

క్లౌడ్_మ్యాపర్: స్కాన్ చేసి సాఫ్ట్‌వేర్‌లో వేసెయ్ బ్రో. ఈ రోజుల్లో స్క్రూలు ఎవరు తిప్పుతున్నారు?

పాత_ఆపరేటర్: సాఫ్ట్‌వేర్‌లో వేసినా సముద్రం సముద్రమే కదా, ఆ లెక్కకూ ఇదే చిక్కు.

బాబూ, ప్రోగ్రామ్‌ను అనుమానించక్కర్లేదు. బీవై (కెమెరాను పక్కకు జరపడం) మారిస్తే వై పారలాక్స్ (ఒకే పాయింట్ రెండు బొమ్మల్లో కలవకుండా వై దిశలో ఉండే ఎడం) మోడల్ అంతటా ఒకేలా మారుతుంది. బీజెడ్ (కెమెరాను పైకీ కిందికీ జరపడం) మారిస్తే బేస్ నుంచి దూరాన్ని బట్టి మారుతుంది. ఒమేగా మారిస్తే ఆ దూరం వర్గాన్ని బట్టి కూడా మారుతుంది, అంటే ఆ మార్పు వంపుగా ఉంటుంది. ఆ వంపు తెలియాలంటే బేస్‌కు రెండు పక్కలా పాయింట్లు కావాలి. మీకున్నది ఒక్క పక్కే. బేస్ మీద, సగం దూరంలో, అంచున మూడు వరుసలు తీసుకున్నా వంపు నాలుగో వంతే కనబడుతుంది. కంటి పొరపాటు మునుపటంతే ఉన్నా ఒమేగాలో పొరపాటు నాలుగింతలవుతుంది.

చేత్తో చేసే రోజుల్లో 5 దగ్గర మిగిలిన పారలాక్స్‌ను ఒమేగాతో పోగొట్టి, ఆపైన ఇంకా తిప్పేవాళ్లం. మీ కెమెరాకు, పాయింట్ బేస్ నుంచి ఫోటో మీద 92 మి.మీ. దూరంలో ఉంటే ఆ అదనం, పారలాక్స్ పోగొట్టడానికి తిప్పినదానికి సుమారు 0.86 రెట్లు. అదీ చదును నేలకే. కొండలుంటే మళ్లీ మళ్లీ చుట్టు తిరగాల్సిందే. కంప్యూటర్ వచ్చాక జరిగిన అసలు మేలు అదే: ప్రతి పాయింట్‌నూ దాని ఎత్తుతోనే లెక్కలోకి తీసుకుంటుంది, పాయింట్లు ఫలానా చోటే ఉండాలన్న పట్టింపు లేదు. కాబట్టి నీళ్లలో కనబడే రాళ్లేవైనా వదలొద్దు. ఎంత దూరంగా ఉంటే అంత విలువ. లంగరేసిన పడవ మీద మాత్రం మార్కు పెట్టకండి, అదీ కదులుతుంది.

రాళ్లూ లేకపోతే ఎత్తుల సాయం తీసుకోండి. ఒమేగా తప్పితే మోడల్ మెలి తిరుగుతుంది. నేల వైపు నాలుగు మూలల్లో ఎత్తు తెలిసిన కంట్రోల్ పాయింట్లుంటే ఆ మెలిక బయటపడుతుంది. అందుకని రిలేటివ్ (ఫోటోలను ఒకదానితో ఒకటి సరిపెట్టడం), అబ్సల్యూట్ (మోడల్‌ను నేల కొలతలకు సరిపెట్టడం) రెండూ విడివిడిగా కాకుండా ఒకే లెక్కలో పెట్టండి.

భీమిలి_జియో: థ్యాంక్స్ సార్. కానీ మా మెషిన్‌కు బీవై, బీజెడ్ స్క్రూలు లేవు. పారలాక్స్ ఎలా చదవాలి? ప్లస్, మైనస్ గుర్తులు కూడా పుస్తకానికో రకంగా ఉన్నాయి, అదో టెన్షన్.

పాత_ఆపరేటర్: అయితే మీ ఐదు అజ్ఞాతాలు: రెండు ఫోటోల కప్పా (ఫోటో తన తలంలోనే తిరిగిన కోణం), రెండు ఫోటోల ఫై (ముందుకో వెనక్కో వాలిన కోణం), ఒక ఒమేగా. వంపు సంగతి మాత్రం మారదు.

ప్రతి పాయింట్ దగ్గర కుడి ఒమేగాతో పారలాక్స్ పోగొట్టి, డయల్ చదివి, మళ్లీ మొదటి విలువకు తెచ్చేయండి. బేస్ నుంచి వై దూరం వర్గాన్ని ప్రొజెక్షన్ ఎత్తుతో (ప్రొజెక్షన్ కేంద్రం నుంచి మోడల్ పాయింట్ దాకా నిలువు దూరం) భాగించి, దానికి ఆ ఎత్తునే కలపండి. దాన్ని రేడియన్లలో ఒమేగా మార్పుతో గుణిస్తే పారలాక్స్ వస్తుంది.

గుర్తుల కోసం పుస్తకాలు తిరగేయొద్దు. పూర్తిగా నేల ఉన్న మోడల్ ఒకటి శుభ్రంగా సరిచేసి, ఒక్కో స్క్రూను కొంచెం తిప్పి, ప్రతి పాయింట్ దగ్గరా పారలాక్స్ ఎంత మారిందో రాసుకోండి. స్క్రూ తిప్పినంతతో భాగిస్తే, గుర్తుతో సహా లీస్ట్ స్క్వేర్స్ పట్టికలో ఆ స్క్రూకు సంబంధించిన నిలువు వరుస తయారు. దాన్ని ఫార్ములాతో పోల్చి చూస్తే ప్రోగ్రామ్‌లో గుర్తు ఎక్కడ తిరగబడిందో దొరుకుతుంది.

లెక్క ఇచ్చిన విలువలు డయల్ మీద పెట్టేటప్పుడు ఎప్పుడూ ఒకే వైపు నుంచి రండి, పాత స్క్రూల్లో వదులు ఉంటుంది. పెట్టాక పాయింట్లన్నీ మళ్లీ కంటితో చూడండి. పారలాక్స్ మిగిలితే అదే లెక్క ఇంకోసారి.

భీమిలి_జియో: నీళ్లలో రెండు రాళ్లు కనబడుతున్నాయి సార్, ఒకటి దాదాపు 6 దగ్గరే. ముందు దాంతో చూస్తాం.