అప్‌డేట్: వెలిగామలో నెల బడ్జెట్ సరిపోయింది

శ్రీలంక వెలిగామలో ఉండి ఆఫీసు పని చేసుకుంటూ సర్ఫింగ్ నేర్చుకోవడానికి, విమానం టికెట్ కాకుండా నెలకు మన రూపాయల్లో 60 వేలు చాలుతాయా అని మిర్యాలగూడ నుంచి అడిగింది నేనే. చాలాయి, కాస్త మిగిలాయి కూడా.

గది దగ్గరే బేరం కుదిరింది. బీచ్ ముందు కాకుండా ఊరి లోపల నెల లెక్కన మాట్లాడుకుంటే 25 వేలలోపే వచ్చింది. ఏసీ లేదు, ఫ్యానే. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి వెలిగామకు తీరం వెంబడి రైలుంది, దాని టికెట్ అసలు లెక్కలోకే రాదు. చిన్న హోటళ్లలో అన్నం, పప్పు, కూరలు దొరుకుతాయి. కెఫేలకు అలవాటు పడితే మాత్రం అంతే సంగతులు.

అసలు ఖర్చు సర్ఫింగే. మొదట్లో కోచ్‌ను పెట్టుకోండి, తర్వాత బోర్డు ఒక్కటే వారం లెక్కన అద్దెకు తీసుకోండి. రాష్‌గార్డ్ (సర్ఫింగ్‌కు వేసుకునే బిగుతు చొక్కా) వెళ్లేముందు ఇక్కడే కొనుక్కోండి, లేకపోతే పొట్ట బోర్డుకు రాసుకుని ఎర్రగా చెక్కుకుపోతుంది.

అక్కడి టైమ్, మన టైమ్ ఒకటే. పొద్దున ఆరింటికి నీళ్లలో, తొమ్మిదిన్నరకు లాగిన్. ఒకసారి క్లయింట్ కాల్‌లో తల వంచగానే ముక్కులోంచి ఉప్పునీళ్లు కీబోర్డు మీద కారాయి! వైఫై పోతే టెన్షన్ లేకుండా లోకల్ సిమ్ పెట్టుకున్నా.

సాగర్ కాలువలో నేర్చిన ఈత చాలుతుందా అన్నారు కొందరు. చాలదు. కాలువ ఒకవైపే లాగుతుంది, సముద్రం అలా కాదు. వెళ్తే నవంబరు, ఏప్రిల్ మధ్యే వెళ్లండి. మే నుంచి అలలు బాగుండేది తూర్పున ఆరుగం బేలో.