డీఎల్ఎల్‌లో ఉన్న సోప్ క్లయింట్‌కి ఎండ్‌పాయింట్, టైమౌట్ సెట్టింగులు కోడ్‌లోనే ఇవ్వడం ఎలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద పనిచేస్తున్నాను. సరుకు రవాణా చేసే ఒక కంపెనీ వాళ్ళ సోప్ సర్వీసుని (ఎక్స్‌ఎంఎల్ మెసేజ్‌లతో నడిచే వెబ్ సర్వీసు) మా అప్లికేషన్ నుంచి పిలవాలి. విజువల్ స్టూడియోలో సర్వీస్ రిఫరెన్స్ యాడ్ చేసి కన్సోల్ ప్రాజెక్టులో చూస్తే బాగానే నడిచింది. అదే కోడ్‌ని క్లాస్ లైబ్రరీలోకి, అంటే డీఎల్ఎల్‌లోకి మార్చి మెయిన్ అప్లికేషన్ నుంచి పిలిస్తే, ఈ కాంట్రాక్టుకి (సర్వీసు ఇచ్చే ఆపరేషన్ల జాబితా) డిఫాల్ట్ ఎండ్‌పాయింట్ (సర్వీసు అడ్రస్, దాన్ని పిలిచే పద్ధతి) ఎలిమెంట్ దొరకలేదంటూ ఎక్సెప్షన్ వస్తోంది. లైబ్రరీ ప్రాజెక్టులో యాప్ డాట్ కాన్ఫిగ్ ఉంది, అందులో ఎండ్‌పాయింట్ కూడా ఉంది. ఈ లైబ్రరీని మా దగ్గర చాలా అప్లికేషన్లు వాడతాయి. అన్నిటి కాన్ఫిగ్‌లోనూ ఇదే ముక్క అతికించకుండా కోడ్‌లోనే ఇచ్చే దారి ఉందా? శుక్రవారం రిలీజ్, కాస్త టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

టెన్షన్ పడకండి, ఇది తేలిగ్గానే తేలిపోతుంది. లైబ్రరీలో ఉన్న కాన్ఫిగ్ ఫైలుని రన్‌టైమ్ అసలు చదవదు. నడుస్తున్న ప్రోగ్రామ్ ఏదో దాని కాన్ఫిగ్‌నే చదువుతుంది. ఎగ్జీ అయితే దాని పక్కనున్న కాన్ఫిగ్, వెబ్ అప్లికేషన్ అయితే వెబ్ డాట్ కాన్ఫిగ్. మీ క్లయింట్ క్లాస్‌ని ఖాళీ బ్రాకెట్లతో సృష్టిస్తున్నారు కదా, ఆ కన్‌స్ట్రక్టర్ కాంట్రాక్ట్ పేరు పట్టుకుని అక్కడే వెతుకుతుంది. కన్సోల్ ప్రాజెక్టులో నడవడానికి కారణం అదే.

విజువల్ స్టూడియో రాసిచ్చిన ఆ క్లాస్‌లోనే ఇంకో కన్‌స్ట్రక్టర్ ఉంటుంది. అది రెండు వస్తువులు తీసుకుంటుంది: ఒకటి బైండింగ్ (సర్వీసుతో ఎలా మాట్లాడాలో చెప్పే సెట్టింగులు), రెండోది ఎండ్‌పాయింట్ అడ్రస్. ఈ రెండూ ఇచ్చారంటే కాన్ఫిగ్ ఫైలు జోలికే వెళ్ళదు. లైబ్రరీలో చిన్న ఫంక్షన్ రాసి, అందులో బేసిక్ హెచ్‌టీటీపీ బైండింగ్ ఒకటి సృష్టించి, సెట్టింగులన్నీ దాని మీదే పెట్టి తిరిగి ఇవ్వండి. క్లయింట్ కావలసిన ప్రతిచోటా ఆ ఫంక్షన్‌నే పిలవాలి. రేపు టైమౌట్ మార్చాల్సి వస్తే ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

అడ్రస్‌ని మాత్రం కోడ్‌లో రాసేయొద్దు. టెస్ట్ సర్వర్ వేరు, ప్రొడక్షన్ వేరు. లైబ్రరీని వాడే అప్లికేషన్ నుంచి దాన్ని పారామీటర్‌గా తీసుకోండి. బైండింగ్ ఎలా ఉండాలనేది సర్వీసు స్వభావాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది లైబ్రరీలోనే ఉండడం న్యాయం. అడ్రస్ సంగతి వేరు, ఎక్కడ నడుస్తోందో దాన్నిబట్టి మారుతుంది.

అడిగినవారు:

చాలా థాంక్స్ అండి, ఆ ఎర్రర్ పోయింది. ఇప్పుడు ఇంకోటి వచ్చింది. యూఆర్‌ఐ స్కీమ్ హెచ్‌టీటీపీఎస్ చెల్లదు, హెచ్‌టీటీపీ ఉండాలి అంటోంది. వాళ్ళిచ్చిన అడ్రస్ హెచ్‌టీటీపీఎస్సే. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా ఇచ్చారు, బేసిక్ ఆథెంటికేషన్ అన్నారు.

సమాధానం:

బేసిక్ హెచ్‌టీటీపీ బైండింగ్‌ని ఊరికే సృష్టిస్తే దాని సెక్యూరిటీ మోడ్ 'నన్' అని ఉంటుంది, అంటే మామూలు హెచ్‌టీటీపీ. దాన్ని 'ట్రాన్స్‌పోర్ట్' చేయండి. ఆ కిందే సెక్యూరిటీ డాట్ ట్రాన్స్‌పోర్ట్ డాట్ క్లయింట్ క్రెడెన్షియల్ టైప్ ఉంటుంది, దానికి 'బేసిక్' ఇవ్వండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మాత్రం బైండింగ్‌లో ఉండవు. క్లయింట్‌ని సృష్టించాక దాని క్లయింట్ క్రెడెన్షియల్స్‌లో యూజర్‌నేమ్ అనే భాగంలో పెట్టాలి. అదీ మొదటి కాల్ వెళ్ళకముందే. ఛానల్ (సర్వర్‌తో మాట్లాడే దారి) తెరుచుకున్నాక వాటిని మార్చనివ్వదు.

అడిగినవారు:

లాగిన్ అయింది! చిన్న రిక్వెస్టులు వస్తున్నాయి. నెల మొత్తం రిపోర్ట్ అడిగితే మాత్రం ఒకసారి సైజ్ మించిందని, ఒకసారి టైమౌట్ అని వస్తోంది. నెట్‌లో చూస్తే అన్నిటికీ ఇంట్ డాట్ మ్యాక్స్‌వాల్యూ (ఇంట్‌లో పట్టే అతిపెద్ద సంఖ్య) పెట్టేయమని రాశారు. పెట్టేయమంటారా?

సమాధానం:

వద్దండి. ఆ హద్దులు ఊరికే పెట్టినవి కాదు. అవతలి సర్వర్ పొరపాటునో, ఎవరైనా కావాలనో అంతులేని జవాబు పంపితే మీ ప్రోగ్రామ్ మెమరీ అంతా దానికే పోకుండా కాపాడేవి అవి.

మ్యాక్స్ రిసీవ్డ్ మెసేజ్ సైజ్ డిఫాల్ట్‌గా 65,536 బైట్లు, అంటే 64 కేబీ. నెల రిపోర్ట్‌కి అది ఏమూలకీ చాలదు. మీకొచ్చే అతిపెద్ద జవాబు ఎంతుంటుందో ఒకసారి కొలిచి, దానికి రెండు మూడు రెట్లు ఇవ్వండి. మామూలుగా జవాబంతా ఒకేసారి మెమరీలోకి తీసుకునే బఫర్డ్ పద్ధతిలో వస్తుంది. ఆ పద్ధతిలో మ్యాక్స్ బఫర్ సైజ్ కూడా అదే సంఖ్య ఉండాలి. రెండూ వేర్వేరుగా ఇస్తే మళ్ళీ ఎక్సెప్షన్. రీడర్ కోటాలు (ఎక్స్‌ఎంఎల్ చదివేటప్పటి హద్దులు) మార్చమని పాత సలహాలు చాలా కనిపిస్తాయి. ఫ్రేమ్‌వర్క్ 4.5లో వాటి డిఫాల్టులు బాగా పెంచేశారు, కాబట్టి మీరు వాటిని ముట్టుకోనక్కర్లేదు.

ఇక టైమౌట్. బైండింగ్ మీద నాలుగుంటాయి: ఓపెన్, క్లోజ్, సెండ్, రిసీవ్. రిసీవ్ టైమౌట్ పేరు చూసి చాలామంది దాన్నే పెంచుతారు. జవాబు కోసం ఎదురుచూసే సమయం దానిదే అనిపిస్తుంది కదా! కానీ మీలా అడిగి జవాబు తీసుకునే క్లయింట్‌కి దాంతో పనిలేదు. దాని డిఫాల్ట్ 10 నిమిషాలు, అలాగే వదిలేయండి. మీకు కావలసింది సెండ్ టైమౌట్. రిక్వెస్ట్ పంపడం దగ్గర్నుంచి జవాబు పూర్తిగా అందేదాకా పట్టే సమయమంతా అందులోకే వస్తుంది. డిఫాల్ట్ 1 నిమిషం. మీ రిపోర్ట్‌కి నిమిషంన్నర పడుతోందనుకోండి, 3 నిమిషాలు ఇవ్వండి. ఆ ఒక్క రిపోర్ట్‌కి మాత్రమే ఎక్కువ కావాలంటే, క్లయింట్ ఇన్నర్ ఛానల్ మీద ఆపరేషన్ టైమౌట్ మార్చొచ్చు. అలా చేస్తే మిగతా కాల్స్ నిమిషంలోనే తేలిపోతాయి, సర్వర్ పడిపోయినప్పుడు యూజర్లు అంతసేపు స్క్రీన్ చూస్తూ కూర్చోరు.

మరొకరు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. క్లయింట్‌ని 'యూజింగ్' బ్లాక్‌లో పెట్టి ఉంటే ఇప్పుడే తీసేయండి. బ్లాక్ అయిపోగానే అది క్లోజ్‌ని పిలుస్తుంది. టైమౌట్ వచ్చి ఛానల్ అప్పటికే ఫాల్టెడ్ (ఇక పనికిరాని) స్థితిలో ఉంటే ఆ క్లోజే ఇంకో ఎక్సెప్షన్ విసురుతుంది. అసలు కారణమైన టైమౌట్ దాని కింద కప్పబడిపోతుంది, లాగ్‌లో సంబంధం లేని మెసేజ్ కనిపిస్తుంది. ట్రై లోపల కాల్ చేసి క్లోజ్ చేయండి. క్యాచ్‌లో అబార్ట్ చేసి (ఛానల్‌ని వెంటనే తెంచేసి), ఎక్సెప్షన్‌ని అలాగే మళ్ళీ పైకి పంపండి.

ఇంకోటి. రేపు డాట్‌నెట్ కోర్‌కి మారతారేమో, అక్కడ ఈ కాన్ఫిగ్ సెక్షన్ చదవడమే ఉండదు. కొత్త టూల్ రాసిచ్చే రిఫరెన్స్ ఫైల్లో కన్ఫిగర్ ఎండ్‌పాయింట్ అనే పార్షియల్ మెథడ్ (లోపలి కోడ్ మీరు రాసుకునేది) ఉంటుంది, సెట్టింగులు అందులో ఇచ్చుకోవాలి. మీరిప్పుడు రాసుకున్న ఫంక్షన్‌లోని విలువలు అక్కడ అలాగే పనికొస్తాయి.

అడిగినవారు:

యూజింగ్ తీసేశాను అన్నా, రిపోర్ట్ కూడా వచ్చేసింది. ఇదొక్కటి చెప్పండి. రాత్రిపూట విండోస్ సర్వీసులో ఒకేసారి ఇరవై కాల్స్ పంపుతున్నాం. చివర్లోవి టైమౌట్ అవుతున్నాయి. విడిగా పంపితే ఒక్కోటి పాతిక సెకన్లలో వచ్చేస్తుంది.

సమాధానం:

ఫ్రేమ్‌వర్క్‌లో విండోస్ సర్వీసు, డెస్క్‌టాప్ ప్రోగ్రాముల నుంచి ఒక సర్వర్‌కి ఒకేసారి రెండు కనెక్షన్లే వెళ్తాయి, డిఫాల్ట్ అంతే. మీరు ఇరవై పంపితే రెండు నడుస్తాయి, పద్దెనిమిది క్యూలో ఉంటాయి. ఆ ఎదురుచూపు కూడా సెండ్ టైమౌట్ లెక్కలోకే వస్తుంది. పాతిక సెకన్లకి రెండు చొప్పున అయితే, నిమిషం దాటేలోపు జవాబు పూర్తిగా అందనివి పోతాయి.

సర్వీస్ పాయింట్ మేనేజర్ మీద డిఫాల్ట్ కనెక్షన్ లిమిట్‌ని పెంచండి. ప్రోగ్రామ్ మొదలవగానే, మొదటి కాల్ కంటే ముందే పెంచాలి. ఒక సర్వర్‌కి కనెక్షన్ ఏర్పడ్డాక డిఫాల్ట్ మారిస్తే దానికి వర్తించదు. ఎంత పెట్టాలన్నది మీరొక్కరే తేల్చుకోవద్దు, అవతలి వాళ్ళు ఒకేసారి ఎన్ని ఒప్పుకుంటారో అడగండి. వాళ్ళు ఆరు అంటే ఆరే పెట్టి, మీ కోడ్‌లోనూ ఆరుకి మించి ఒకేసారి పంపకండి. అప్పుడు క్యూ మీ చేతిలో ఉంటుంది, టైమౌట్ గడియారం కాల్ నిజంగా వెళ్ళినప్పుడే మొదలవుతుంది.

ఇన్ని కాల్స్ పంపుతున్నారు కాబట్టి ఇంకో మాట. బైండింగ్ ఇచ్చి క్లయింట్‌ని సృష్టించినప్పుడు లోపలి ఛానల్ ఫ్యాక్టరీ (ఛానళ్ళు తయారుచేసేది) మామూలుగా క్యాష్ అవదు, ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. రాత్రి పనికి మాత్రం ఛానల్ ఫ్యాక్టరీ ఒక్కటే సృష్టించి పెట్టుకుని, కాల్‌కో ఛానల్ తీసుకోండి. పాస్‌వర్డ్ కూడా ఆ ఫ్యాక్టరీ క్రెడెన్షియల్స్‌లో ఒక్కసారి ఇస్తే చాలు.