పిల్లలు చూసింది రాయాలా, పుస్తకంలో ఉన్నది రాయాలా?

బరంపురం సైన్సు మాస్టారు:
ఏప్రిల్‌లో మా తొమ్మిదో తరగతి పిల్లల్ని ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్లాను. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అక్కడ గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయని 1994లో గుర్తించారు. తెల్లవారుజామున ఒక గూటి దగ్గర నుంచి ఇసుక మీద దువ్వెనతో గీసినట్టు తాబేలు పిల్లలు పాకిన సన్నటి జాడలు. ఏదీ ముట్టుకోకుండా దూరం నుంచే ఒక అమ్మాయి లెక్కపెట్టింది. మొత్తం 23, అందులో 14 రోడ్డు దీపాల వైపే వెళ్లాయి. నోటుబుక్కులో "దీపాల వల్ల తాబేలు పిల్లలు చనిపోతున్నాయి" అని రాసింది. "చనిపోయినవి చూశావా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి "లేదు సార్, దారి తప్పినవే చూశాను" అని కొట్టేసి మళ్లీ రాసింది. నాకు కావాల్సింది అదే. కానీ పోర్షన్ వెనకబడుతోందని పెద్దవాళ్ల గొడవ. మీరేమంటారు?

ఛత్రపురం నుంచి ఒక తండ్రి:
మీ శ్రద్ధకు దండం మాస్టారూ. కానీ మావాడికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సైన్సు మాటలేమో సగం ఇంగ్లీషు. ఉన్న జవాబు తప్పుల్లేకుండా రాయడానికే రాత్రి పదింటిదాకా కూర్చుంటున్నాడు, ఇక ఆధారాలు పెట్టి సొంతంగా రాయమంటే ఖాళీ పేజీ చూసి ఏడుపొక్కటే తక్కువ. రేపు పరీక్షలో ఆ 14 జాడలకి ఎవరైనా మార్కులేస్తారా?

పర్లాకిమిడి టీచరమ్మ:
నేను వాదన, ఆధారం, కారణం అని మూడు గడులు గీసిచ్చేదాన్ని. చివరికి ఆ గడుల్నే బట్టీ పట్టారండీ, ఆధారంలో రాసిందే కారణంలో తిప్పి రాసేవాళ్లు. కష్టమంతా ఆ మూడో గడిలోనే ఉంది. రాత్రిపూట తీరం కంటే సముద్రం వైపు వెలుగు ఎక్కువ, తాబేలు పిల్లలు వెలుగున్న వైపుకే పాకుతాయి, అందుకే దీపాలుంటే అటు తిరుగుతాయి. జాడలు ఎంతసేపు చూసినా ఈ సంగతి తెలియదు, పుస్తకమే చెప్పాలి. అందుకని పుస్తకాన్ని పక్కన పెట్టెయ్యకండి. ఇంకోటి, ఒక్క గూడు చూసి దీపాల వల్లే అని తేల్చెయ్యకూడదు, చీకటిగా ఉన్న తీరంలో కూడా లెక్కపెట్టాలి కదా?

బరంపురం సైన్సు మాస్టారు:
చీకటి తీరం మాట నేనే ముందు చెప్పాల్సింది, ఒప్పుకుంటున్నాను. ఛత్రపురం అన్నగారూ, బాబుని ముందు తెలుగులోనే రాయనివ్వండి, చూసింది ఒక పేరా, అనుకున్నది ఇంకో పేరా, అంతే. దాన్ని ఒడియాలోకి తేవడానికి క్లాసులో నేను పక్కన కూర్చుంటాను. మార్కుల భయం నాకూ ఉంది, అయినా ఇది మాత్రం మానను. ఆ అమ్మాయి ఇప్పుడు దీపాల్లేని చోట గూళ్లెక్కడున్నాయో వాళ్ల తాతని అడుగుతోంది.